పెద్దమ్మ సినిమాల్లో పక్కింటామె

మా మనవరాలికి ఒక అలవాటు ఉంది. రెండు మూడు నెలలకోసారి, ఈమధ్య తను చూసిన సినిమాల్లో, చదివిన పుస్తకాల్లో, టీవీలో వచ్చే కథల్లో, ఫోనులో ఆడే ఆటల్లో, విన్న పాటల్లో మనసుకు పట్టినవేవో ఏరి, స్నేహితులందరికీ కనబడేలా ఫోనులో పెడుతుంది. వాళ్ళు చూసి, నీకు ఇదెట్లా నచ్చింది, నాకైతే అది నచ్చింది అని పోట్లాడుకుంటారు, అదొక వేడుక. మొన్న ఆదివారం హూడిలోని మా ఫ్లాటు బాల్కనీలో నేను నానబెట్టిన అనపగింజలు పితుకుతూ కూర్చుని ఉంటే, ఈసారి మా అవ్వకు నచ్చినవి పెడతానని పక్కన చేరింది. డెబ్బయ్యేళ్ళ ముసలిదాని ఇష్టాలు చూసి మారతహళ్ళి ఆఫీసుల్లో పిల్లలు ఏం బాగుపడతారని విసుక్కున్నాను గాని, అడిగేవాళ్ళుంటే చెప్పాలనే ఉబలాటం ఎవరికి ఉండదు? నా ఈడువాళ్ళు ఒప్పుకుంటారు, మందులు వేసుకున్నావా అని మనల్ని అడిగేవాళ్ళే గాని, ఏ సినిమా నచ్చిందని అడిగేవాళ్ళు ఈ రోజుల్లో అరుదు.

అందుకని చెప్పాను. ఒక పాత బంగళా, అందులో అద్దెకు దిగిన కొత్త దంపతులు, మెట్ల కింద గదిలో ఏదో చప్పుడు, ఈ వరసలో సాగే దయ్యాల సీరియలు ఒకటి వదలకుండా చూస్తున్నాను. అందులో దయ్యం కన్నా అత్తగారు ఎక్కువ భయపెడుతుంది, అదే నాకు నచ్చింది. పుస్తకాల సంగతికొస్తే, మాట తెలుగే గాని నేను కాటన్‌పేటలో పుట్టి కన్నడ బడిలో చదివినదాన్ని, కన్నడ బడిలోనే లెక్కల పంతులమ్మగా చేసి రిటైరైనదాన్ని. తెలుగు అక్షరాలు ఆ తరువాతే దిద్దుకున్నాను, ఇప్పటికీ ఒత్తులు వచ్చిన చోట రాళ్ళమీద ఎద్దులబండి ప్రయాణమే. కాబట్టి నవలలు ఎక్కువగా చెవులతోనే చదువుతాను. ఎవరో అమ్మాయి ఫోనులో చదివి వినిపిస్తుంది, ఒక లంక ఊరి పడవవాడి కథ ఈమధ్య రెండుసార్లు విన్నాను. ఆటల్లో జంట బొమ్మలు కలిపే ఆట. మనవరాలు దాన్ని పసిపిల్లల ఆట అంటుంది, అననీ, దానికి లెక్కల బుర్ర కావాలి. పాటల్లో నాకు పట్టింపు లేదు, మధ్యలో కంజిర మోగితే చాలు. ఇక సినిమాలంటారా, పాత సినిమాల మీది గీతలూ చినుకులూ తుడిచి, కొత్తవాటిలా మెరిపించి, ఈమధ్య ఒకటొకటిగా పెడుతున్నారు చూడండి, నాకు అవి.

ఇంతవరకు పిల్లకు చెప్పిందే. చెప్పనిది ఏమిటంటే, ఏడాదిగా వీటన్నిటిలోనూ నేను ఒకే ఒక మనిషి కోసం వెతుకుతున్నాను. సీరియల్లో తలుపు ఓరగా తెరిచి ఉంటే ఆ సందులో ఆమె నిలబడి ఉందేమోనని చూస్తాను. నవల వింటుంటే ప్రతి అధ్యాయం సగానికి వచ్చేసరికి, ఇప్పుడు ఆమె సంగతి చెబుతారని చెవి ఒగ్గుతాను. పాత సినిమాల్లో సంతో, పెళ్ళిపందిరో, రైలు స్టేషనో వస్తే బొమ్మ ఆపి ఒక్కొక్క ముఖమూ చూస్తాను. దయ్యాల సీరియలు చూస్తే రాని భయం, ఆమె లేని చోటు చూస్తే వస్తుంది. ఆమె పేరు మాకు తెలియదు. చిన్నప్పుడు పక్కింటామె అనేవాళ్ళం.

కాటన్‌పేటలో మాది పూజాసామాన్ల అంగడి, వెనకనే ఇల్లు. ఇంట్లో తాత, అవ్వ, పెదనాన్న, పెద్దమ్మ, మా అమ్మానాన్నలు, పిల్లలం. నాన్నకు ఒక చెల్లెలు ఉండేదనీ, నేను పుట్టకముందే పోయిందనీ ఎప్పుడో ఎవరో అన్నారు. ఆ చిన్నత్త ఎట్లా పోయిందని అడగాలని మాకు తోచలేదు. తాత మాటకు ఇంట్లో తిరుగు లేదు. ఆయన చట్టాల్లో సినిమా చట్టం ఒకటి: ఇంటి ఆడవాళ్ళంతా కట్టగట్టుకుని సినిమాకు పోతే పేటలో పరువేం కాను, అంగడికి వత్తులు చేసేదెవరు, ఒకరు పోయి చూసి రండి, వచ్చి తక్కినవాళ్ళకు చెప్పండి, అని. ఆ ఒకరు ఎప్పుడూ పెద్దమ్మే. పెద్దకోడలు కాబట్టి ఆమెకే ఆ యోగం పట్టిందని అనుకునేవాళ్ళం. నెలకోసారి మధ్యాహ్నం ఆటకు సంచి చేత పట్టుకుని సినిమాహాళ్ళుండే మెజస్టిక్ వైపు నడిచి వెళ్ళి, దీపాలు పెట్టే వేళకు తిరిగి వచ్చేది.

వచ్చి కాళ్ళు కడుక్కుని కాఫీ తాగగానే, మధ్యింట్లో దూది బుట్టల చుట్టూ ఆడవాళ్ళు వత్తులు చేస్తూ కూర్చుంటే, సినిమా మొదలయ్యేది. కన్నడ సినిమా కానీ, తమిళం కానీ, హిందీ కానీ, పెద్దమ్మ నోట్లో పడితే అంతా మా ఇంటి తెలుగే. కత్తియుద్ధం వస్తే చేతిలోని వత్తుల కట్టే కత్తి అయ్యేది, పాట వస్తే ముక్కుతో వీణ వాయించేది, దొంగల నాయకుడు వస్తే కొంగు మీసంగా మెలిపెట్టి మా అమ్మను బెదిరించేది. తరువాతి కాలంలో నేను రంగుల సినిమాలు ఎన్ని చూసినా, పెద్దమ్మ చెప్పిన నలుపు తెలుపు సినిమాలంత రంగుగా లేవంటే నమ్మండి. తాత పడసాలలో పంచాంగం తిరగేస్తూ, విననట్టుగా వింటూ ఉండేవాడు.

అయితే మంచి పట్టులో, హీరోను కొండ అంచున వేలాడగట్టి, పెద్దమ్మ ఆగిపోయేది. "ఇంగ ఆ పక్కింటామె ఉండాది కదప్పా" అని అందుకునేది. ఏ సినిమా అయినా సరే, అందులో పక్కింట్లో ఒకామె ఉండాల్సిందే. పోయిన నెల సినిమాలోనూ ఆమె మిల్లు పనివాడి భార్య, ఈ నెల సినిమాలోనూ అంతే. తల్లి వేషాలకు ఒకామె, వంటవాడి వేషాలకు ఒకాయన ఉన్నట్టు, పక్కింటి వేషాలకని ఒకామె ఉందని పెద్దమ్మ చెప్పింది, మేము నమ్మాము. మాకు అదంతా రామాయణంలో పిడకల వేట. కొండ అంచున వేలాడేవాడి గతి చెప్పమని గోల పెట్టేవాళ్ళం.

అవ్వ తీరు వేరు. హీరో కొండమీంచి పడినా ఆమె ఊ కొట్టేది కాదు, పక్కింటామె వచ్చేసరికి మాత్రం వత్తి చేసే వేళ్ళు ఆగిపోయేవి. "మనిషి ఎట్లుండాది? కడుపునిండా తింటా ఉండాదా?" అని అడిగేది. పెద్దమ్మ ఓపికగా, ముఖం తేరుకుందనీ, పచ్చచీర కట్టిందనీ, కాళ్ళవాపు తగ్గిందనీ చెప్పేది. సినిమాలో మనిషి అన్నం తిన్నదా అని అడిగే అవ్వను చూసి మేము కడుపు పట్టుకుని నవ్వేవాళ్ళం. అట్లా నెలలు గడిచేకొద్దీ పక్కింటామెకు నెలలు నిండాయి, మగపిల్లవాడు పుట్టాడు. ఆ సినిమా చెప్పిన సాయంత్రం పండగా పబ్బం ఏమీ లేకుండానే అవ్వ పాయసం చేసింది. ఆ పిల్లవాడు పాకాడు, నడిచాడు, మాటలు నేర్చాడు. మిల్లులో గొడవలై పక్కింటాయన పని పోతే ఆమె కుట్టుమిషను నేర్చుకుంది. ఒకసారి పెద్దమ్మ హీరో పెళ్ళి కూడా చేసేసి కథ ముగించబోతుంటే, పడసాలలో తాత గొంతు సవరించుకున్నాడు. "ఆ పక్కింటాయనకు మళ్ళా పని దొరికెనా లేదా, అది చెప్పనే లేదే" అన్నాడు. తాత సినిమా గురించి నోరు విప్పడం మేము అప్పుడే వినడం. దొరికింది మామా, ఇంకో మిల్లులో చేరినాడు అని పెద్దమ్మ తల వంచుకుని చెప్పింది.

ఆ తరువాత పక్కింటామెకు దగ్గు పట్టుకుంది. ఒక సినిమాలో పట్టిన దగ్గు మరుసటి సినిమాలోనూ తగ్గలేదు. అవ్వ ఆ రోజుల్లో పిప్పళ్ళు, మిరియాలు, పాతబెల్లం దంచి ఉండలు చేసి పెద్దమ్మ సంచిలో వేసేది, హాల్లో నోరు ఊరికే ఉండక తినడానికని మేము అనుకున్నాం.

చివరి సినిమా రోజు పెద్దమ్మ మామూలు వేళకే వచ్చింది. కాఫీ వద్దంది. హీరో ఎవరో హీరోయిన్ ఎవరో కూడా చెప్పలేదు. దూది బుట్టనే చూస్తూ, "ఆ పక్కింటామె పోయినాది అత్తా. ఆసుపత్రిలో. బిడ్డ పక్కనే ఉండాడంట" అని, సినిమా అంతే అంది. అవ్వ చేతిలోని దూది కింద పెట్టి లేచింది. నేరుగా పెరట్లోకి పోయి, తొట్టి దగ్గర కూర్చుని, కట్టుకున్న చీరతోనే చెంబు మీద చెంబు నెత్తిన పోసుకుంది. సినిమాలో చచ్చినామెకు మా అవ్వ మైలస్నానం చేస్తోందని పిల్లలం పడీ పడీ నవ్వుతుంటే, మా అమ్మ వచ్చి తలా ఒకటి వేసి వీధిలోకి తరిమింది. మళ్ళీ తొంగిచూసేసరికి తాత కూడా తడిపంచెతో పెరట్లో నిలబడి ఉన్నాడు. ఉక్కగా ఉందని, ఎవరూ అడక్కుండానే అన్నాడు. మూడు దినాలు దేవుడి గూట్లో దీపం వెలగలేదు. పూజ కానిదే పచ్చి మంచినీళ్ళు ముట్టని తాత, పూలమ్మి రాలేదంటూ ఆ మూడు పొద్దులూ తిన్నగా అంగడికి పోయాడు. పూలమ్మి వచ్చి పోవడం నేను చూశాను గాని, పెద్దవాళ్ళ పనుల్లో మనకెందుకని ఊరుకున్నాను.

పెద్దమ్మ మళ్ళీ సినిమాకు పోలేదు. కొన్నాళ్ళకు తాత చట్టాలు సడలి, మేమంతా గుంపుగా పోవడం మొదలుపెట్టాక కూడా, పిలిస్తే తలనొప్పి అనేది. తాత పోయాడు, అవ్వ పోయింది, నా పెళ్ళి, ఉద్యోగం, పిల్లలు, ఇట్లా బతుకు గడిచిపోయింది. పక్కింటామె నాకు గుర్తే లేదు. ఏడాది కిందట ఆ పాత సినిమాల్లో మొదటిది మా టీవీలో పెట్టినప్పుడు మాత్రం, చిన్ననాటి చుట్టం వస్తున్నంత సంబరంగా కూర్చున్నాను. పెద్దమ్మ చెప్పినట్టే హీరో కొండ అంచున వేలాడాడు. పక్కింటామె రాలేదు. నిడివి ఎక్కువైందని కత్తిరించి ఉంటారని సరిపెట్టుకున్నాను. రెండో సినిమాలోనూ రాలేదు. మూడోదానిలో అసలు పక్కిల్లే లేదు, ఊరికి దూరంగా తోటలో బంగళా. అప్పటి నుంచి నాకు ఈ రోగం పట్టుకుంది. ఉన్న మనిషి చచ్చిపోతే ఏడుస్తాం, మరిచిపోతాం. ఇన్నేళ్ళు ఉందనుకున్న మనిషి ఎక్కడా లేదంటే ఏం చేయాలో తెలియలేదు. బొమ్మ ఆపుతాను, వెనక్కి తిప్పుతాను, నలుపు తెలుపు జనంలో ఏది పచ్చచీరో పోల్చుకోలేక తెరకు దగ్గరగా జరుగుతాను. మనవరాలు చూసి, అవ్వా నువ్వు ఎవరిని వెతుకుతావు అని అడిగితే, ఎవరినీ లేదని కసురుకున్నాను.

పోయిన నెల ఆ చివరి సినిమా దొరికింది. దాని పేరు పెద్దమ్మ చెప్పలేదు గాని, ఆ వారం మా వీధి గోడకు అంటించిన పోస్టరు, గొడుగు పట్టుకుని గాడిద మీద వెనక్కి తిరిగి కూర్చున్న లావుపాటి ఆయన బొమ్మ, నేను మరిచిపోలేదు. ఆ సినిమాలో ఒక మనిషి చచ్చిపోతుందని తెలిసి, నిజం చెప్పాలంటే భయపడుతూనే పెట్టాను. మొదటి నుంచి చివరి దాకా నవ్వే. అల్లుడు మామను చూసి పనివాడనుకుంటాడు, మామ అల్లుణ్ణి దొంగ అనుకుంటాడు, గాడిద అందరినీ తంతుంది. ఆసుపత్రి లేదు, దగ్గు లేదు, ఒక కోడి కూడా చావదు. మా ఇంట్లో అందరూ పగలబడి నవ్వుతుంటే, నేను మాత్రం ఆ చావు ఎక్కడుందోనని చివరిదాకా వెతికాను.

మరునాడే మెట్రో ఎక్కి మెజస్టిక్‌లో దిగి కాటన్‌పేటకు పోయాను. పెద్దమ్మ కూతురు, నాకు అక్క, ఆ ఇంట్లోనే ఉంటోంది. అంగడి ఇప్పుడు ఆమె కోడలు చూసుకుంటుంది. సంగతంతా చెప్పి, ఏ సినిమాలోనూ పక్కింటామె లేదక్కా అంటే, అక్క నా ముఖం వింతగా చూసింది. "నీకు తెలియదా మే? అందరికీ తెలిసే ఉంటాదనుకొంటి" అంది.

నాకొక్కదానికే తెలియదు కాబోలు. చిన్నత్త నేను పుట్టకముందు చచ్చిపోలేదు. మిల్లులో పనిచేసే, మావాళ్ళు కాని ఒకతన్ని ఇష్టపడి, పెళ్ళి చేసుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు తాత బతికున్న కూతురికి నీళ్ళు వదిలి స్నానం చేశాడు, ఇంటిల్లిపాదితో చేయించాడు, దాని పేరు ఈ ఇంట్లో పలకకూడదు, దాని ఊసు చెవిన పడకూడదని దేవుడి దీపం ముందు అవ్వతో ప్రమాణం చేయించాడు. దీపం ముందు ఇచ్చిన మాట అవ్వ తప్పే మనిషి కాదు, వంటింట్లో పెద్దమ్మ చాటుగా చెప్పబోయినా చెవులు మూసుకునేదట. కన్నబిడ్డ ఈ ఊళ్ళోనే, నడిచిపోయేంత దూరంలో ఉంది; తిన్నదో పస్తున్నదో తెలియదు. పేటలో కలుసుకుందామంటే అంగడి అంగడికీ కళ్ళు. ఇద్దరు ఆడవాళ్ళు పక్కపక్కన కూర్చుని, ఎవరి కంటా పడకుండా ఒక పూట మాట్లాడుకోగల చోటు ఆ రోజుల్లో సినిమాహాలు చీకటి ఒక్కటే. వదినా మరదళ్ళు నెలకోసారి అక్కడ కలుసుకునేవాళ్ళు. పెద్దమ్మ ఇంటికి వచ్చి సినిమా చెప్పేది. సినిమా వినకూడదని అవ్వ ప్రమాణం చేయలేదు కదా.

ఆఖరిసారి చిన్నత్త రాలేదు. ఆమె భర్త పిల్లవాడి చేయి పట్టుకుని హాలు గేటు దగ్గర నిలబడి, జరిగింది చెప్పి వెళ్ళిపోయాడు. తరువాత బిడ్డను పిలుచుకుని ఊరే విడిచిపోయాడు, ఎక్కడికో పెద్దమ్మకు తెలియలేదు. ఆ మధ్యాహ్నం పెద్దమ్మ ఒక్కతే లోపలికి పోయి కూర్చుంది.

"సినిమా విడిచేదాకా కూర్చునే ఉండిందంట మే" అంది అక్క. "తొందరగా ఇంటికొస్తే ఏమయిందని అడగరా? హాలంతా పకపకా నవ్వుతా ఉంటే మాయమ్మ కొంగు నోట్లో కుక్కుకొనిందంట. పక్కన కూర్చున్నామె, ఏమమ్మా, నవ్వు ఆపుకోలేకపోతా ఉండావే అనిందంట."

తాతకు తెలుసా అని అడిగాను. తెలిసే పెద్దకోడల్ని పంపాడా, పంపుతూ పంపుతూ తెలుసుకున్నాడా, అది పెద్దమ్మకూ తెలియదట. ఒకరు పోయి చూసి రండి అనే ఆ చట్టం మాత్రం చిన్నత్త వెళ్ళిపోయిన తరువాత పెట్టిందే. "బతికుండంగానే ఒకసారి స్నానం చేసేసినాడు కదా" అంది అక్క. "మళ్ళా యెందుకు చేసినాడు, నువ్వే చెప్పు."

ఒక మొండిమాట కోసం నాకు చిన్నత్తను చూపించకుండా చేసిన ఆ మనిషి మీద, ఇన్నేళ్ళకు, ఒళ్ళు మండుతోంది. తడిపంచెతో పెరట్లో నిలబడి ఉక్కగా ఉందన్న ముసలాయన కళ్ళముందుకు వస్తే ఆ మంట నిలవడం లేదు. ఇప్పుడు పాత సినిమా ఏది పెట్టినా తెర మీది బొమ్మ కన్నా తెర ముందరి చీకటే నాకు ఎక్కువగా కనబడుతోంది. మా ఇంట్లో నలుగురికి నాలుగు తెరలు, ఎవరి చెవుల్లో వాళ్ళ తీగలు. ఒకరు చూసింది ఒకరికి చెప్పే పని లేదు, చెప్పబోతే కథ ముందే చెప్పేయకని పిల్లలు చెవులు మూసుకుంటారు. పేరు పలకవద్దని ప్రమాణాలు చేయించే తాతలూ లేరు. కోపమొస్తే ఫోనులో ఒక మీట నొక్కి మనిషిని మూసేస్తారు, దాన్లో మధ్యాహ్నం ఆటంత సందు కూడా ఉండదు.

ఇప్పుడు నన్ను వదలనిది ఆ పిల్లవాడి తలపు. ఉంటే నాకన్నా నాలుగైదేళ్ళు చిన్న, వాడూ ముసలివాడే. చిన్నత్త కూడా సినిమా నుంచి ఇంటికి పోయి, మిషను తొక్కుతూ వాడికి కథ చెప్పే ఉంటుంది. హాల్లో పెద్దమ్మ ఆమెకు మా సంగతులు చెప్పకుండా ఉంటుందా, అవ్వ మోకాళ్ళ నొప్పి, తాత కోపం, గోడ దూకబోయి ముందుపన్ను విరగ్గొట్టుకున్న నా సంగతి? పుట్టింటి పేరు ఆమె మాత్రం వాడి దగ్గర ఏ నోటితో పలుకుతుంది? ఆ పిల్లవాడి సినిమాల్లో పక్కింటివాళ్ళం మేమే అయి ఉంటాం. ఈ మెరిపించిన పాత సినిమాలు ఎక్కడో ఏ ఫ్లాటులోనో వాడూ పెట్టుకుని ఉంటాడు. వత్తులు చేసే ముసలామె, పన్ను విరిగిన పిల్ల ఇంకా రాలేదేమా అని, సినిమా అయిపోయేదాకా కూర్చుని ఉంటాడు.